నలుపు తెలుపు ఫిల్ముతో పాతబస్తీ నడక: నీడ చేజారకుండా ఉండాలంటే

మీరు అడిగింది ఇదీ: పెంటాక్స్ కె1000 కెమెరా, 50 మి.మీ. లెన్సు, ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ రీలు. ఆదివారం పొద్దున చార్మినార్ దగ్గర మొదలుపెట్టి లాడ్ బజార్, పత్తర్‌గట్టి తిరిగారు. ప్రతి ఫ్రేముకూ వెలుగు కొలిచే మీటరు సూదిని మధ్యకు తెచ్చాకే నొక్కారు. ల్యాబు పంపిన స్కానుల్లో ఆకాశం తెల్లకాగితంలా ఉంది, అంగళ్ల లోపల అంతా బొగ్గు, మొహాలు మసిబారాయి, దగ్గరి మనుషుల్లో సగంమంది ఫోకస్‌లో లేరు. తప్పు ఫిల్ముదా, కెమెరాదా, ల్యాబుదా? రెండో రీలు ఎక్కించేముందు ఏం మార్చుకోవాలి?

ముందు ల్యాబు నుంచి నెగెటివులు తెచ్చుకోండి. స్కాను చూసి తీర్పు చెప్పలేం. స్కాను చేసే మనిషి కాంట్రాస్టు పెంచి పంపినా నీడలు బొగ్గవుతాయి. నెగెటివును కిటికీ వెలుగుకు పట్టుకుని, అంగడి లోపలి భాగం ఎక్కడ పడిందో చూడండి. అక్కడ గాజులా ఖాళీగా ఉంటే ఫిల్ము మీద ఏమీ పడలేదు, ఇక ఎవరూ ఏమీ చేయలేరు. సన్నగానైనా అలమరా గీతలు, మనిషి భుజం కనిపిస్తే ఫోటో బతికే ఉంది, మళ్లీ స్కాను చేయించండి. తర్వాత అంచు చూడండి. ఫిల్ము పేరు, ఫ్రేము నంబర్లు నల్లగా, స్పష్టంగా ఉంటే మందుల్లో కడగడం (డెవలప్ చేయడం) సరిగానే జరిగిందని అర్థం. అవి కూడా పాలిపోయి ఉంటే డెవలపరు (బొమ్మను పైకి తెచ్చే మందు) బలహీనపడింది, లేదా టైము చాలలేదు. అంచు నంబర్లు ఉండి లోపల ఫ్రేములే లేకపోతే ఫిల్ము కెమెరాలో ముందుకు కదల్లేదు. నంబర్లు కూడా లేకుండా మొత్తం ఖాళీ అయితే డెవలపరు కన్నా ముందు ఫిక్సరు (బొమ్మను స్థిరపరిచే మందు) పోశారన్నమాట. ఈ నాలుగు గుర్తులు తెలిస్తే ల్యాబుతో వాదన పెట్టుకోవాలో వద్దో అక్కడే తేలిపోతుంది.

మీ వర్ణనను బట్టి నీడలు ఖాళీగానే ఉంటాయని నా అంచనా. కారణం సూదే. కె1000 మీటరు ఫ్రేములోని వెలుగంతా కలిపి సగటు తీస్తుంది. ఎదురుగా ఏమున్నా దాన్ని నడిమి బూడిదరంగుగా మార్చేలా, ఎంత వెలుగు పడనివ్వాలో ఆ ఎక్స్‌పోజరు చెబుతుంది. చార్మినార్ వైపు ఎత్తితే ఫ్రేములో మూడో వంతు ఆకాశమే. ఆ ఆకాశాన్ని బూడిద చేయడానికి సూది రెండు స్టాపులు మూసేయమంటుంది (ఒక స్టాపు మూస్తే వెలుగు సగమవుతుంది, తెరిస్తే రెట్టింపు). మీరు మూశారు. ఆ మూసిన రెండు స్టాపులూ అంగడి లోపలి మనిషివి.

నెగెటివు ఫిల్ములో ఒక సంగతి బాగా పట్టించుకోవాలి. నీడలో వివరం షట్టరు పడిన క్షణంలోనే తేలిపోతుంది. ఆ తర్వాత ఎంతసేపు డెవలప్ చేసినా, వెలుగు తాకనిచోట వెండి పుట్టదు (నెగెటివులో నలుపంతా వెండే). ఎండ పడిన తెల్లగోడ మాత్రం డెవలపరులో ఉన్నంతసేపూ చిక్కబడుతూ పోతుంది. అందుకే ఎక్స్‌పోజరు నీడను చూసి పెట్టాలి, కడిగే టైము వెలుగును చూసి పెట్టాలి. హెచ్‌పీ5 రెండు మూడు స్టాపులు ఎక్కువ వెలుగు పడినా తట్టుకుంటుంది. ఒక స్టాపు తక్కువ పడితే మాత్రం నీడలు పోవడం మొదలవుతుంది. డిజిటల్ అలవాటు ఉన్నవాళ్లు ఇక్కడే బోల్తాపడతారు. అక్కడ తెలుపు పోతుందేమోనని భయపడతాం, ఇక్కడ నలుపు పోతుందేమోనని భయపడాలి.

మన ఎండలో మరో చిక్కు. ఎండ పడిన గోడకూ అంగడి లోపలికీ ఆరేడు స్టాపుల తేడా ఉంటుంది. అందుకే పగటి నడకకు డబ్బా మీద ఫిల్ము వేగం (ఐఎస్ఓ) 400 అని ఉన్నా, కెమెరా మీది వేగం డయల్ 200 దగ్గర పెట్టండి. తర్వాత కడిగేటప్పుడు టైము 15 నుంచి 20 శాతం తగ్గించాలి. నీడలకు ఒక స్టాపు ఎక్కువ దొరుకుతుంది, టైము తగ్గించడం వల్ల తెల్లగోడ మరీ గట్టిపడదు. ల్యాబులో కడిగిస్తే, టైము తగ్గించడానికి వాళ్లు ఒప్పుకోకపోయినా పర్వాలేదు, 200 దగ్గరే తీయండి. నెగెటివు కాస్త చిక్కగా వస్తుంది, అంతే.

ఇప్పుడు కొలిచే పద్ధతి. ఏ నీడలో వివరం కావాలో దాని దగ్గరికి వెళ్లి, ఫ్రేమంతా ఆ నీడే నిండేలా కెమెరా పట్టుకుని సూదిని మధ్యకు తెండి. వచ్చిన ఎక్స్‌పోజరు కన్నా రెండు స్టాపులు తక్కువ పెట్టండి. నీడ నీడలాగే ఉండాలి, కానీ అందులో వివరం మిగలాలి. ఈ రెండు స్టాపుల లెక్క దానికే. ఉదాహరణకు నీడలో 1/125 (షట్టరు వేగం, సెకనులో భాగం), ఎఫ్ 2 (లెన్సు రంధ్రం, అపర్చర్; అంకె పెరిగేకొద్దీ చిన్నది) చూపిస్తే 1/125, ఎఫ్ 4 పెట్టి వెనక్కి వచ్చి ఫోటో తీయండి. ఆకాశం ఎక్కడుందో పట్టించుకోవద్దు, సూది ఎటు పోయినా మార్చొద్దు.

నీడ దగ్గరికి వెళ్లే వీలు లేకపోతే అరచేతిని వాడండి. మనిషి ఉన్న వెలుగులాంటి వెలుగులోనే చెయ్యి పెట్టి, దాన్ని కొలిచి, ఒక స్టాపు తెరవండి. అరచేయి నడిమి బూడిద కన్నా సుమారు ఒక స్టాపు తేటగా ఉంటుంది. మీ చేతికి అది కచ్చితంగా ఎంతో ఒకసారి గ్రే కార్డు (నడిమి బూడిదరంగు అట్ట) పక్కన పెట్టి చూసుకుంటే చాలు, జీవితాంతం పనికొస్తుంది. మొహాన్ని నేరుగా కొలిచినప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. తెల్లతోలు మొహాలను లెక్కలో పెట్టుకుని రాసిన పుస్తకాలు మొహం కొలిచాక ఒక స్టాపు తెరవమంటాయి. మన చామనఛాయ మొహాలు చాలావరకు నడిమి బూడిద దగ్గరే పడతాయి, కొలిచింది కొలిచినట్టు పెడితే సరిపోతుంది. నల్లని మొహమైతే అర స్టాపు నుంచి ఒక స్టాపు మూయాలి, లేకపోతే ఛాయే మారిపోతుంది. మనిషిని ఉన్నట్టు చూపించడం ఈ పనిలో మొదటి మర్యాద.

ఇలా నాలుగైదు చోట్ల కొలిచాక ఒక విషయం గమనిస్తారు: ఒకే రకం వెలుగు ప్రతిసారీ ఒకే అంకె చెబుతుంది. అప్పుడిక ప్రతి ఫ్రేముకూ కొలవక్కర్లేదు. 200 వేగానికి గుర్తుంచుకోవాల్సిన అంకెలు ఇవి. నిండు ఎండలో 1/250, ఎఫ్ 16, లేదా 1/500, ఎఫ్ 11. సూర్యోదయమైన మొదటి గంటలో ఒకటి రెండు స్టాపులు తెరవాలి. పైన ఆకాశం కనిపిస్తూ వీధి నీడలో ఉంటే 1/250, ఎఫ్ 5.6. చార్మినార్ కమాను కింద, పత్తర్‌గట్టి రాతి వరండాల్లో 1/125, ఎఫ్ 4. దీపాలు వెలిగించిన గాజుల అంగడి లోపల 1/60, ఎఫ్ 2. ఎండలోంచి వరండాలోకి అడుగుపెట్టగానే, కెమెరా ఎత్తకముందే వేళ్లు రింగును తిప్పేయాలి. నడకలో సాధన చేయాల్సింది ఇదే. మనిషి నవ్వినప్పుడు సూది కోసం వెతుక్కుంటుంటే ఆ నవ్వు పోతుంది.

ఫోకస్ సంగతికి కూడా ఇదే మందు. 50 మి.మీ. లెన్సును ఎఫ్ 11 దగ్గర పెట్టి 3 మీటర్లకు ఫోకస్ చేసి వదిలేస్తే, సుమారు 2.2 మీటర్ల నుంచి 5 మీటర్ల వరకు ఉన్నదంతా స్పష్టంగా వస్తుంది. ఎఫ్ 8 దగ్గర అది 2.3 నుంచి 4.2 మీటర్లకు తగ్గుతుంది. 35 మి.మీ. లెన్సు అయితే ఎఫ్ 8 దగ్గరే 1.9 నుంచి 7 మీటర్ల దాకా వస్తుంది. వీధుల్లో తీసేవాళ్లు 35 కోసం ఎందుకు తహతహలాడతారో ఈ లెక్క చూస్తే తెలుస్తుంది. లెన్సు మీద ఫోకస్ గుర్తుకు రెండు వైపులా అపర్చర్ అంకెలు చెక్కి ఉంటాయి. మీరు పెట్టిన అంకె అటూ ఇటూ ఉన్నచోట ఏ దూరాలు పడితే అవి మీ హద్దులు. మూడు మీటర్లంటే మీ అడుగుల్లో ఎన్నో ఇంటి దగ్గరే టేపు పెట్టి చూసుకోండి. ఎఫ్ 4 కన్నా తెరిచినప్పుడు మాత్రం ఈ పద్ధతి పనిచేయదు, కన్ను పెట్టి ఫోకస్ చేయాల్సిందే.

మసకగా వచ్చిన ఫ్రేముల్లో కొన్ని ఫోకస్ వల్ల కాకుండా కదలిక వల్ల పోయి ఉంటాయి. తేడా తెలుసుకోవడం తేలిక. ఫ్రేములో ఇంకెక్కడో ఏదో ఒకటి పదునుగా ఉంటే ఫోకస్ తప్పు. మొత్తం ఒకే దిక్కుగా సాగినట్టుంటే చెయ్యి కదిలింది. మనిషి మాత్రమే సాగి గోడ పదునుగా ఉంటే షట్టరు వేగం చాలలేదు. అడ్డంగా నడిచే మనిషికి 1/250, దగ్గరగా పోయే ఆటోకు, బండికి 1/500 కావాలి. చేత్తో పట్టుకున్న 50 మి.మీ. లెన్సుకు 1/60 కన్నా తగ్గొద్దు.

ఇక ఎక్కడ ఎప్పుడు నిలబడాలి. పత్తర్‌గట్టి వీధి చార్మినార్‌కు ఉత్తరాన ఉత్తర దక్షిణాలుగా పోతుంది. పొద్దున పడమటి వరుస ముఖాన ఎండ, తూర్పు వరుస మొత్తం నీడ. నీడ వరుసలో నిలబడి ఎండ వరుసను తీస్తే రాతి కమానుల మలుపులు విడివిడిగా కనిపిస్తాయి. ఎండలోంచి నీడలోకి తీస్తే అదే వీధి మొద్దుబారిపోతుంది. లాడ్ బజార్ చార్మినార్ నుంచి పడమరకు పోతుంది. పొద్దున అందులోకి నడిచేటప్పుడు ఎండ వీపు మీద ఉంటుంది, మొహాల మీద చదునుగా పడుతుంది. కొంతదూరం పోయి వెనక్కి తిరిగితే చార్మినార్ ఎదురెండలో నల్లని ఆకారమై నిలుస్తుంది. అప్పుడు లెన్సు హుడ్ (లెన్సు ముందు బిగించే గొడుగు) తప్పనిసరి, లేకపోతే వెలుగు చిమ్మి మొత్తం పాలిపోతుంది. గాజుల అంగళ్లు పొద్దున్నే తెరవరు. ఏడు గంటలకు వెళ్తే దొరికేది మూసిన షట్టర్లు, తుడిచే మనుషులు, టీ బండ్లు. గాజులు, బేరాలు కావాలంటే పొద్దెక్కాక లేదా సాయంత్రం వెళ్లాలి. పొద్దున్నే జనం కావాలంటే మీరాలం మండి కూరగాయల అంగళ్లకు వెళ్లడం మేలు.

గాజుల దగ్గర నలుపు తెలుపు ఫిల్ము ఒక మోసం చేస్తుంది. ఎర్ర గాజులు, ఆకుపచ్చ గాజులు కంటికి ఎంత వేరుగా ఉన్నా, ఫిల్ము మీద దాదాపు ఒకే బూడిదరంగులో కలిసిపోతాయి. విడదీయాలంటే ఫిల్టరు కావాలి. ఫిల్టరు తన రంగును తేటపరుస్తుంది, ఎదురు రంగును ముదురు చేస్తుంది. ఆరెంజ్ ఫిల్టరు పెడితే ఎర్ర గాజులు తేలతాయి, ఆకుపచ్చవి మునుగుతాయి. గ్రీన్ ఫిల్టరు పెడితే తారుమారు. ఆరెంజ్, గ్రీన్ సుమారు రెండేసి స్టాపులు తింటాయి, ఎల్లో ఒకటి, రెడ్ మూడు. అందుకే గాజుల అంగడి లోపల ఫిల్టరు ఆలోచన మానేయండి, అక్కడ వెలుగు చాలదు. వీధిలోకి పరిచిన బల్లల దగ్గర పనికొస్తుంది.

ఒకే ఒక్క ఫిల్టరు కొనాలంటే ఎల్లో కొనండి. నీలాకాశాన్ని ఒక మెట్టు దించి మీనార్ల అంచును నిలబెడుతుంది. మబ్బు పట్టిన తెల్లాకాశం మీద, దుమ్ముతో పాలిపోయిన ఆకాశం మీద ఏ ఫిల్టరూ పనిచేయదు, అక్కడ నీలమే లేదు కాబట్టి. ఆరో నిజాం కాలంలో రాజా దీన్‌దయాళ్ తీసిన హైదరాబాద్ ఫోటోల్లో చాలాచోట్ల ఆకాశం ఖాళీగా కనిపించడానికి కారణం కూడా నీలమే. 1880ల నాటి గాజు పలకలు నీలి వెలుగుకే ఎక్కువ స్పందించేవి, ఆకాశం ముందే మాడిపోయేది. ఇప్పటి ఫిల్ము అన్ని రంగులనూ చూస్తుంది, అయినా నీలం మీద మొగ్గు కాస్త మిగిలే ఉంది. ఎల్లో ఫిల్టరు ఆ మొగ్గును సరిచేస్తుంది. కె1000 లెన్సులోంచే కొలుస్తుంది కాబట్టి ఎల్లోకు మీటరే సర్దుకుంటుంది. రెడ్‌కు మాత్రం ఫిల్టరు తీసి కొలిచి, మూడు స్టాపులు మీరే కలపండి. ఈ రకం మీటర్లు ఎరుపును ఎక్కువ చూస్తాయి కాబట్టి ఫిల్టరుతో కొలిస్తే తక్కువ ఎక్స్‌పోజరు చెబుతాయి. రెడ్ ఫిల్టరు పెదవుల రంగును కూడా తుడిచేస్తుంది, మనుషులను తీసేటప్పుడు వద్దు.

రాత్రి నడక పూర్తిగా వేరు. రంజాన్ నెల రాత్రుల్లో చార్మినార్ చుట్టూ తీయాలంటే డయల్ 1600 దగ్గర పెట్టి రీలు మొత్తం అలాగే తీయండి, 1/125, ఎఫ్ 2.8 దగ్గర మొదలుపెట్టండి. దీన్ని పుష్ చేయడం అంటారు. దీనివల్ల ఫిల్ము వేగం పెరగదు. నీడలు రెండు స్టాపులు పోతాయి, మిగిలిన వెలుగులను డెవలపరు పైకి లాగుతుంది. రాత్రి ఫోటోలో నీడలు నల్లగా ఉన్నా కంటికి ఒప్పుతాయి కాబట్టి సరిపోతుంది. పట్టపగలు ఎండలో పుష్ చేస్తే మీ మొదటి రీలు కన్నా ఘోరంగా వస్తుంది. పగలు సగం, రాత్రి సగం ఒకే రీలులో తీయొద్దు, కడిగేది ఒకే టైముకు. ట్రైపాడ్ తీసుకెళ్లొద్దు. పురావస్తు శాఖ కట్టడాల్లో దానికి అనుమతి కావాలి, అదీగాక ఆ రద్దీలో నిలబెట్టే చోటుండదు.

కెమెరా విషయంలో మూడు చిన్న సంగతులు. ఫిల్ము ఎప్పుడూ నీడలో ఎక్కించండి. ఎండలో అయితే డబ్బా మూతి దగ్గర్నుంచి వెలుగు జొరబడి మొదటి ఫ్రేములు పోతాయి. ఎక్కించాక రివైండ్ పిడిని మెల్లగా తిప్పి వదులు లాగండి. తర్వాత లివర్ తిప్పిన ప్రతిసారీ ఆ పిడి కూడా తిరగాలి. తిరగకపోతే ఫిల్ము పట్టుకోలేదు, 36 ఫోటోలూ గాలిలో తీసినట్టే. మూడోది, కె1000 మీటరుకు ఆపే బటన్ లేదు. లెన్సు మూత పెడితేనే బ్యాటరీ మిగులుతుంది. ఎల్ఆర్44 ఆల్కలైన్ బ్యాటరీ బదులు అదే సైజు సిల్వర్ ఆక్సైడ్ ఎస్ఆర్44 వేయండి. ఆల్కలైన్ బ్యాటరీ వోల్టేజి మెల్లమెల్లగా పడిపోతుంది, సిల్వర్‌ది చివరిదాకా నిలబడుతుంది. బ్యాటరీ అయిపోయినా కెమెరా పూర్తిగా మెకానికల్ కాబట్టి పైన చెప్పిన అంకెలతో రీలు పూర్తి చేయొచ్చు. కానోనెట్ లాంటి పాత కెమెరాలున్నవాళ్లకు వేరే చిక్కు. అవి 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీకి కట్టినవి. 1.5 వోల్టులది వేస్తే మీటరు వెలుగు ఎక్కువుందనుకుని తక్కువ ఎక్స్‌పోజరు చెబుతుంది. వినికిడి యంత్రాల 675 జింక్ ఎయిర్ బిళ్ల దానికి దగ్గరగా సరిపోతుంది.

ఫిల్మును ఫ్రిజ్‌లో దాచండి, కానీ బయటికి తీశాక గంటన్నర ఆగి డబ్బా తెరవండి. లేకపోతే చల్లటి ఫిల్ము మీద తేమ పడుతుంది. మే నెలలో బండి డిక్కీలో, ఎండలో నిలిపిన కారులో రీలు వదలొద్దు. అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకుంటే చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టొద్దని గట్టిగా చెప్పండి. ఆ యంత్రాలు ఫిల్మును పాడుచేస్తాయి. చేతి సంచిలో పెట్టుకుని, చేత్తో తనిఖీ చేయమని అడగాలి. ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో చేతి సంచులకు కూడా సీటీ స్కానర్లు వచ్చాయి, అవీ ఫిల్ముకు హానే. ఊటీ హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వాళ్ల పాత ‘ఇందు’ రీళ్లు ఎక్కడైనా కంటపడితే ముచ్చటగా దాచుకోండి, ముఖ్యమైన నడకకు వాడొద్దు. ఎండలు చూసిన పాత ఫిల్ము మొత్తం బూడిద కమ్ముకుని ఉంటుంది.

ఇంట్లో కడగడం నేర్చుకోండి అని నా గట్టి సలహా. చీకటిగది అక్కర్లేదు. ఛేంజింగ్ బ్యాగు (చేతులు దూర్చి పనిచేసే, వెలుగు జొరబడని సంచి), ట్యాంకు, థర్మామీటరు చాలు. పేటర్సన్ ట్యాంకు ఒక రీలుకు 290 మి.లీ. అడుగుతుంది. కానీ రెండు స్పైరళ్లు (ఫిల్ము చుట్టే చక్రాలు) పట్టే ట్యాంకు కొని, కింది దానిలో ఫిల్ము, పైన ఖాళీ స్పైరల్ పెట్టి 600 మి.లీ. పోయడం మేలు. డీ-76 అనే డెవలపరును సగానికి సగం నీళ్లు కలిపి వాడినప్పుడు రీలుకు తగినంత అసలు మందు ఉండాలి, 290లో అది సరిపోక నెగెటివు పలచబడుతుంది.

డీ-76 పొట్లం దొరక్కపోతే ల్యాబ్ కెమికల్స్ అమ్మే అంగట్లో దొరికే నాలుగు పొడులతో కలుపుకోవచ్చు. 750 మి.లీ. నీటిని 50 డిగ్రీల దాకా వేడిచేయండి. చిటికెడు సోడియం సల్ఫైట్, తర్వాత మెటాల్ 2 గ్రాములు, తర్వాత మిగిలిన సోడియం సల్ఫైట్ (తేమలేనిది, మొత్తం 100 గ్రాములు), హైడ్రోక్వినోన్ 5 గ్రాములు, బోరాక్స్ 2 గ్రాములు. ఒకటి పూర్తిగా కరిగాకే ఇంకొకటి వేయాలి. చివర లీటరు చేయండి. మెటాల్ కంటే ముందు సల్ఫైట్ మొత్తం వేస్తే మెటాల్ కరగదు, అసలు వేయకపోతే మెటాల్ గాలికి పాడవుతుంది. ఆ చిటికెడు దానికోసమే. కొందరికి మెటాల్ చర్మానికి పడదు, చేతి తొడుగులు వేసుకోండి. గాలి లేకుండా నిండా నింపిన సీసాలో ఆరు నెలలు ఉంటుంది. నీళ్లు కలిపింది మాత్రం ఒకసారి వాడి పారబోయాలి. బోరు నీళ్లు వద్దు, ఆర్‌ఓ నీళ్లు వాడండి.

టైములు 20 డిగ్రీలకు ఇస్తారు. మన కుళాయి నీళ్లు చలికాలంలో తప్ప ఆ దరిదాపుల్లో ఉండవు. హెచ్‌పీ5ను 400 దగ్గర తీస్తే సగానికి సగం కలిపిన డీ-76లో 20 డిగ్రీలకు 11 నిమిషాలు. 200 దగ్గర తీశారు కాబట్టి 9 నిమిషాలు. 24 డిగ్రీలకు అది ఆరుంపావు. 24 డిగ్రీలు మనకు అనుకూలమైన ఉష్ణోగ్రత, ఐసు గడ్డలు వేసిన బేసిన్‌లో సీసాలు నిలబెడితే ఎండాకాలంలో కూడా అందుతుంది. ఐసును మందులో వేయొద్దు. 5 నిమిషాల కన్నా తక్కువ టైము వచ్చే ఉష్ణోగ్రతకు వెళ్లొద్దు, మందు అన్నిచోట్లా సమంగా పట్టకముందే టైము అయిపోతుంది. 1600 దగ్గర తీసిన రీలుకు నీళ్లు కలపని డీ-76లో 20 డిగ్రీలకు పన్నెండున్నర నిమిషాలు.

మొదటి 10 సెకన్లలో ట్యాంకును నాలుగుసార్లు తలకిందులు చేయండి, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అలాగే నాలుగుసార్లు. ప్రతిసారీ ట్యాంకును బల్లకు తట్టండి, బుడగలు అంటుకుంటే గుండ్రటి తేట మచ్చలు వస్తాయి. అదేపనిగా గిలకొడితే రంధ్రాల పక్కన ఫిల్ము చిక్కబడి చారలు పడతాయి. తర్వాత స్టాప్ బాత్ (డెవలపరు పనిని ఆపే పులుపు నీళ్లు) అరనిమిషం. ఇంటి తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్లు నాలుగు పాలు కలిపితే సరిపోతుంది. తర్వాత ర్యాపిడ్ ఫిక్సరు ఒకటికి నాలుగు కలిపి 5 నిమిషాలు, మామూలు హైపో (పాతరకం ఫిక్సరు) అయితే 10. ఫిక్సరు బతికుందో లేదో ముందే చూసుకోండి. కత్తిరించిన ఫిల్ము మొదటి ముక్కను అందులో వేసి, తేటపడటానికి ఎంతసేపు పట్టిందో చూడండి. దానికి మూడింతలు ఫిక్స్ చేయండి. ఫిల్ము పాలలా మసకగా వస్తే భయపడొద్దు, కొత్త ఫిక్సరులో మళ్లీ వేస్తే తేటపడుతుంది. అన్ని నీళ్లూ రెండు మూడు డిగ్రీల తేడాలోనే ఉండాలి.

ఫిక్సరు వదిలేలా నీళ్లతో కడగడానికి కుళాయి కింద అరగంట పెట్టక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తిప్పి పారబోయండి, మళ్లీ నింపి 10, మళ్లీ నింపి 20. ఆఖరిసారి మాత్రం ఆర్‌ఓ నీళ్లలో వెటింగ్ ఏజెంట్ (నీటి చుక్కలు నిలవకుండా జారిపోయేలా చేసే మందు) రెండు మూడు చుక్కలు వేసి ముంచండి. బోరు నీళ్లలోని సున్నం ఆరాక తెల్లమచ్చలై మిగులుతుంది, అది ఆకాశం మీద పడితే స్కానులో తుడవడానికి ఒక పూట పడుతుంది. బాత్రూంలో వేడినీళ్లు వదిలి దుమ్ము అణిగాక అక్కడే వేలాడదీయండి, ఫ్యాను వేయొద్దు.

అన్నిటికన్నా ఎక్కువమంది విసిగిపోయేది స్పైరల్ మీద ఫిల్ము ఎక్కించేటప్పుడు. ఎండాకాలం బ్యాగులో చేతులకు చెమటపట్టి, ప్లాస్టిక్ స్పైరల్ తేమెక్కి ఫిల్ము మధ్యలో పట్టేస్తుంది. బలంగా తోస్తే ఫిల్ము నలిగి, నెగెటివు మీద నెలవంకల్లాంటి గుర్తులు పడతాయి. స్పైరల్ పూర్తిగా పొడిగా ఉండాలి, ఫిల్ము మొన మూలలు గుండ్రంగా కత్తిరించాలి, ఈ పని రాత్రిపూట చల్లటి గదిలో చేయాలి. పట్టేస్తే ట్యాంకులో పడేసి మూతపెట్టి, చేతులు బయటికి తీసి ఆరబెట్టుకుని మళ్లీ మొదలుపెట్టండి. పనికిరాని రీలు ఒకటి పెట్టుకుని వెలుగులో పదిసార్లు, కళ్లు మూసుకుని పదిసార్లు సాధన చేయండి.

ఇదంతా వద్దు, దగ్గర్లో కలర్ ల్యాబు ఒక్కటే ఉంది అంటే, ఇల్ఫర్డ్ ఎక్స్‌పీ2 సూపర్ వాడండి. అది నలుపు తెలుపు ఫిల్మే అయినా కలర్ మందుల్లోనే కడుగుతారు. దాన్ని కూడా 200 దగ్గర తీస్తే గ్రెయిన్ (బొమ్మలో కనిపించే గరుకు చుక్కలు) తగ్గుతుంది. స్కానర్లలోని దుమ్ము తుడిచే సౌకర్యం దీని మీద పనిచేస్తుంది. హెచ్‌పీ5 లాంటి వెండి ఫిల్ముల మీద పనిచేయదు, ఆ ఇన్‌ఫ్రారెడ్ వెలుగును వెండి అడ్డుకుంటుంది. ల్యాబువాళ్లు అది ఆన్ చేసి స్కాన్ చేస్తే వివరాలు పాడవుతాయి కాబట్టి హెచ్‌పీ5 ఇచ్చేటప్పుడు ఆపమని చెప్పండి.

మనుషుల విషయం ఒక్కమాట. డిజిటల్ కెమెరాలాగా తీసిన వెంటనే చూపించలేరు, అందుకే అడిగి తీయండి. “భాయ్, ఏక్ ఫోటో లేలూఁ?” అంటే పాతబస్తీలో కాదనేవాళ్లు తక్కువ. బురఖాలో ఉన్నవాళ్లను, పిల్లలను అనుమతి లేకుండా తీయొద్దు. మక్కా మసీదు దగ్గర నమాజు వేళ కెమెరా సంచిలోనే ఉండాలి. చిన్న ప్రింట్లు వేయించి మళ్లీ వెళ్లినప్పుడు ఇచ్చిరండి, ఆ అంగడి తలుపు మీకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది.

రెండో రీలులో మొదటి ఆరు ఫ్రేములు పరీక్షకు కేటాయించండి. పత్తర్‌గట్టి వరండాలో ఒక మనిషి ఒప్పుకుంటే ఆయనను, వెనక ఎండ వీధి కనిపించేలా, షట్టరు 1/125 దగ్గరే ఉంచి ఎఫ్ 11, 8, 5.6, 4, 2.8, 2 దగ్గర వరసగా తీయండి. ఏ ఫ్రేము ఏ అంకెదో చీటీ మీద రాసుకోండి. కడిగాక ఆ ఆరింటినీ కిటికీ దగ్గర పెట్టి, ఆయన చొక్కా మడతలు మొదట ఏ ఫ్రేములో విడివిడిగా కనిపించాయో చూడండి. తర్వాత ఆ ఫ్రేమును అచ్చువేసిన న్యూస్‌పేపరు మీద పరిచి, బాగా నల్లబడిన భాగంలోంచి అక్షరాలు కనిపిస్తున్నాయేమో చూడండి. కనిపిస్తే టైము సరిపోయింది. కనిపించకపోతే మూడో రీలుకు ఇంకో అర నిమిషం తగ్గించండి.